పైత్యనాళపు క్యాన్సరు: జన్యువులు చూపు జాడలు

గత విద్యా సంవత్సరమున మా పాఠశాలలో పై తరగతుల పిల్లలకు సికిల్ సెల్ రక్తపరీక్ష జరిగినది. ఆ పరీక్ష యెందులకో పిల్లలకు తెలియవలెనని ఆ దినముననే మేమొక పాఠము చెప్పితిమి. ఒక్క రక్తపు బొట్టును పరీక్షించి, తలిదండ్రులనుండి బిడ్డకు ఏ జన్యువు దిగినదో చెప్పగలుగుట యెట్లో నల్లబల్లపై బొమ్మ గీచి చూపితిమి. తరగతి ముగిసి యందఱును వెడలిన పిదప ఒక బాలిక మాత్రము తలుపుకడ నిలిచి, “సారూ, మా బాపుకు పైత్యనాళంల క్యాన్సరని చెప్పిన్రు. ఇప్పుడు జన్యువుల పరీక్ష గూడ చేయాల్నంటున్రు. మరి అది నాకు, తమ్మునికి గూడ వస్తదా?” అని యడిగెను.

ఆనాడు మాకు పూర్తి సమాధానము తెలియదు. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పుట ఉపాధ్యాయునకు తగదు గావున, చదివి చెప్పెదమంటిమి. పిమ్మట కొన్ని నెలలు, దొరకిన గ్రంథములు చదివియు, తెలిసిన వైద్యుల నడిగియు గ్రహించినదానిని ఇప్పుడు తలిదండ్రులందఱి యెదుట నుంచుచున్నాము. ఆ బాలిక ప్రశ్న ఒక్క యింటిది కాదని మాకు తోచినది.

ముందుగా పైత్యరసమన నేమో చూతము. కుడిప్రక్క ప్రక్కటెముకల క్రింద నుండు కాలేయము దినమునకు ఇంచుమించుగ ముప్పాతిక లీటరు మొదలుకొని ఒక లీటరు వఱకు పసుపుపచ్చని రసమును తయారు చేయుచుండును. క్రొవ్వు జీర్ణమగుటకు ఈ రసము కావలెను. కాలేయమునందంతటను వెండ్రుకలవంటి సన్నని నాళములున్నవి. అవి కలిసి కలిసి కుడినాళము, ఎడమనాళము అను రెండగును. ఆ రెండును కాలేయపు వాకిట నొక్కటియై, పిత్తాశయమునుండి వచ్చు నాళమును కలుపుకొని, చిన్నప్రేగు మొదటి భాగమున బడును. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహితయై సిరొంచ యొద్ద గోదావరిలో బడుటను మన పిల్లలు పటముపై వ్రేలుంచి చూపగలరు. పైత్యనాళముల పటము నట్టిదే యని తలచిన చాలును. అయితే ఈ ప్రాణహిత వెడల్పు సుమారు ఆఱు మిల్లీమీటర్లు మాత్రమే, అనగా పిల్లలు వ్రాయు పెన్సిలుకంటె సన్నము. అట్టి యిఱుకుచోట చిన్న గడ్డ మొలచినను రసము పాఱక వెనుకకు తన్నును.

ఆ గడ్డ కాలేయము లోపలి నాళములలో పుట్టవచ్చును, రెండు నాళములు కలియు వాకిట పుట్టవచ్చును, లేదా క్రింది కొసను పుట్టవచ్చును. వాకిట పుట్టు గడ్డలను గూర్చి 1965లో అమెరికా వైద్యుడు క్లాట్‌స్కిన్ పదుమూడుగురు రోగుల వృత్తాంతముతో వివరముగ వ్రాసినందున దానికి నేటికిని ఆయన పేరే వాడుకలో నున్నది. చోటును బట్టి గడ్డ స్వభావము, చికిత్స, అందులోని జన్యువుల మార్పులు కూడ వేఱగుచుండును.

ఇక కామెర్ల మాట. మన రక్తములోని ఎఱ్ఱకణము సుమారు 120 దినములు బ్రదికి చితికిపోవును. అందుండి బిలిరుబిన్ అను పసుపు పదార్థము పుట్టును. కాలేయము దానిని శుద్ధిచేసి పైత్యరసముతో వెలికి బంపును. ఎఱ్ఱకణములు త్వరత్వరగా చితికినను కామెర్లే, కాలేయము వాచినను కామెర్లే, నాళము మూసికొనినను కామెర్లే. మూడింటిలోను కన్ను పచ్చబడును గావున మనవారు మూడింటికిని ఒక్కటే పేరు పెట్టి, ఒక్కటే పసరు పోయుదురు. మేమును చిన్ననాట నేలయుసిరి పసరు త్రాగి, ఉప్పుకారములు మాని పథ్యము చేసినవారమే. నీటివలన సంక్రమించు కామెర్లు సాధారణముగ కొన్ని వారములలో వాటంతట నవియే శమించును. ఆ కీర్తి పసరునకు దక్కుచున్నది. అంతవఱకు పెద్ద నష్టము లేదు. కాని నాళము మూసికొనిన కామెర్లు పసరునకు లొంగవు, చేతిపై పెట్టు వాతలకు అసలే లొంగవు. నొప్పి లేకుండ కన్నులు పచ్చబడుట, మలము సుద్దవలె తెల్లబాఱుట, మూత్రము చిక్కని కషాయపు రంగున నుండుట, ఒడలంతయు దురద, తిండి సయింపక చిక్కిపోవుట, ఇవి యేబదియేండ్లు దాటినవారియందు కనిపించినచో ఆ వారముననే కడుపునకు స్కానింగు తీయించవలెను. ఆ బాలిక తండ్రి మూడు నెలలు పసరు త్రాగిన తరువాతనే ఆసుపత్రి గడప త్రొక్కెను. గడ్డను పూర్తిగ కోసి తీయగలిగిన కాలమే ఈ వ్యాధిలో మంచి కాలము. అది దాటిన పిదప మిగులునవి మందులు మాత్రమే.

మన చంద్రపురము, గడ్చిరోలి జిల్లాలలో మొదటి రకపు కామెర్లకు వేఱొక కారణము కలదు. అదియే సికిల్ సెల్ వ్యాధి. మధ్యభారతమున ఈ లక్షణమున్నదని 1958లో శుక్లా, సోలంకీ అను వైద్యులు ప్రకటించిరి. 1949లో పౌలింగు ఈ వ్యాధికి మూలము రక్తములోని హిమోగ్లోబిన్ అణువు నందే యున్నదని చూపెను. కొలది సంవత్సరములకు ఇంగ్రాము ఆ అణువున ఒక్క యమైనో ఆమ్లము మాత్రమే మాఱినదని తేల్చెను. ఇంత పెద్ద బాధకు అంత చిన్న మార్పే కారణము. కొడవలివలె వంగిన కణములు 120 దినములకు బదులు పది యిరువది దినములకే చితికిపోవును. బిలిరుబిన్ మితిమీఱి, పిత్తాశయమున నల్లని రాళ్లు కట్టును. వ్యాధి యున్న పిల్లలలో నందఱికిని రాళ్లు రావు. ఎవరికి తఱచుగ వచ్చునో ముందుగ సూచించు గుర్తు మఱొక జన్యువున దొరకినది. బిలిరుబిన్‌ను శుద్ధిచేయు ఆ జన్యువు పేరు యు.జి.టి.1ఏ1. దాని మొదట రెండక్షరముల జంట సాధారణముగ ఆఱుమాఱులు వ్రాయబడి యుండును. కొందఱిలో అది యేడుమాఱు లుండును. తల్లివైపు ప్రతిలోను తండ్రివైపు ప్రతిలోను ఏడేసి యున్న సికిల్ సెల్ రోగులకు రాళ్లు కట్టుట యెక్కువ. రాబోవు ఫలమును దెలుపు జన్యుచిహ్న మనగా నిట్టిదే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తుము. సికిల్ సెల్ జన్యువు తలిదండ్రులనుండి దిగినప్పుడు, క్యాన్సరులోని జన్యువు ఏల దిగరాదు?

మన దేహమున ప్రతి కణమునందును సుమారు 300 కోట్ల అక్షరముల గ్రంథ మొకటి కలదు. అందు ఇరువదివేల వఱకు జన్యువులు, అనగా అధ్యాయములు, ఉన్నవి. కణము రెండుగ చీలినప్పుడెల్ల గ్రంథమంతయు మరల నకలు వ్రాయబడును. ఇచట తరగతి గదిని తలచుకొనుడు. నల్లబల్లపై పంతులే తప్పు వ్రాసినచో నలువది నోటుపుస్తకములలోను ఆ తప్పే యుండును. సికిల్ సెల్ అట్టిది. పుట్టుకతోనే ప్రతి కణమున ఉన్నది, బీజకణములలోను ఉన్నది, గావున బిడ్డలకు దిగును. అట్లుగాక నల్లబల్లపై సరిగనే యుండి, వెనుకబల్లపై కూర్చున్న ఒక బాలుడు ఎక్కించుకొనుటలో తప్పుపోయినచో, ఆ తప్పు వాని పుస్తకములోను, వానిని చూచి వ్రాసినవారి పుస్తకములలోను మాత్రమే యుండును. పైత్యనాళపు క్యాన్సరులో కనిపించు మార్పులు చాలవఱకు ఈ రెండవ జాతివి. నాళపు లోపలి పొరలో ఏదో యొక్క కణమున, నడివయస్సులోనో ముదిమిలోనో కలిగిన తప్పులు ఆ కణపు సంతతికే పరిమితమై గడ్డయగును. తండ్రి కడుపులోని ఆ గడ్డకును, ఎన్నడో పుట్టిన బిడ్డలకును సంబంధము లేదు.

దీనికి మినహాయింపు కలదు. కొలదిమంది రోగులలో బి.ఆర్.సి.ఏ.2 వంటి జన్యువుల లోపము, లేదా లించ్ రోగమను వంశపారంపర్యపు లోపము పుట్టుకతోనే యుండును. అట్టి యిండ్లలో పెద్దప్రేగు, రొమ్ము, అండాశయము మొదలగుచోట్ల క్యాన్సరు ఒకరి తరువాత ఒకరికి, చిన్న వయస్సుననే వచ్చుట తఱచు. కావున తెలిసిన వైద్యుడు గడ్డముక్కతో పాటు రక్తమునుకూడ పరీక్షించి, తప్పు గడ్డలో మాత్రమే యున్నదా, నల్లబల్లపైనే యున్నదా అని చూచును. రక్తమునందు లేదని తేలినచో బిడ్డలకు ఆ భయ మక్కఱలేదు.

మఱి బిడ్డల కొఱకు కానప్పుడు గడ్డను పరీక్షించుట యెందులకు? రోగి కొఱకు. ఇచట రెండు విధములగు గుర్తులున్నవి. వీనిని కలగాపులగము చేయుటవలననే ఇండ్లలో వృథాశయు, వృథాభయమును కలుగుచున్నవి. కొన్ని గుర్తులు వ్యాధి ఎట్లు సాగునో మాత్రము తెలుపును. టి.పి.53 అను జన్యువు కణమునకు కావలివాడు. నకలులో తప్పు దొరలినప్పుడు కణము చీలకుండ ఆపుట దాని పని. ఆ కావలివాడు పడిపోయిన గడ్డలు సాధారణముగ త్వరగా పెరుగును. కె.రాస్ అను జన్యువు మాఱిన గడ్డలును మొండివే. ఈ వార్త విని మనము చేయగలిగినది కొంచెమే.

రెండవ విధపు గుర్తులు, ఏ మందుకు గడ్డ లొంగునో చెప్పునవి. ఎఫ్.జి.ఎఫ్.ఆర్.2 అను జన్యువు కణముపై నుండు సిగ్నలును చేయును. బల్లార్షా స్టేషనులో సిగ్నలు పచ్చనైనప్పుడే బండి కదలినట్లు, బయటినుండి పిలుపు వచ్చినప్పుడే కణము చీలవలెను. కాలేయము లోపలి నాళములలో పుట్టు క్యాన్సరులలో నూటికి పది పదునైదింట ఈ జన్యువు తెగి వేఱొక జన్యువుతో అతుకుకొనుచున్నది. అతుకైన సిగ్నలు ఎల్లప్పుడు పచ్చగనే యుండును, బండ్లు ఆగవు. అట్టి సిగ్నలును ఆర్పు పెమిగాటినిబ్ అను మాత్రకు 2020లో అమెరికాలో అనుమతి లభించినది. దానిని పరీక్షించిన 107 మంది రోగులలో మూడవ వంతుకంటె కొంచెము ఎక్కువమందికి గడ్డ బాగుగ తగ్గినది. ఐ.డి.హెచ్.1 అను మఱొక జన్యువు మాఱినచో కణము ఒక యక్కఱలేని పదార్థమును తయారుచేసి, తానెప్పటికిని పరిపక్వము గాక పిల్లకణముగనే పెరుగుచుండును. దానికి ఐవోసిడెనిబ్ అను మందు 2021లో వచ్చినది. దాని ఫలము స్వల్పమే. వ్యాధి ముదరకుండ నిలిచిన కాలము మందు లేనివారిలో 1.4 నెలలు, మందు పుచ్చుకొన్నవారిలో 2.7 నెలలు. ఈ మందుల ధర సామాన్య కుటుంబములకు అందునది కాదు. ఈ యంకెలు తెలియకుండ పొలము తాకట్టు పెట్టరాదనియే ఇంత విడమరచి వ్రాయుచున్నాము.

అంకెల మాట వచ్చినది గనుక లెక్కల పంతులుగ ఒక మాట. 2010లో ప్రకటించిన యొక పరిశోధనలో, కోసి తీయుటకు వీలులేని 410 మంది పైత్యమార్గపు క్యాన్సరు రోగులకు చికిత్స చేసిరి. ఒక్క మందు పుచ్చుకొన్నవారికి 8.1 నెలలు, రెండు మందులు కలిపి పుచ్చుకొన్నవారికి 11.7 నెలలు జీవితకాలమని తేలినది. ఇది విని “పదునొకండు నెలలే యట” అని యింటిలో నేడ్పులు మొదలగును. కాని యిది మధ్యమము. నలువది యొక్కమంది పిల్లలను పొడుగును బట్టి వరుసగ నిలిపినచో ఇరువది యొకటవవాని పొడుగును మధ్యమమందురు. వానికంటె పొడవైనవారు ఇంకను ఇరువదిమంది యున్నారు గదా! 11.7 నెలలనగా సగముమంది అంతకుమించి జీవించిరనియే యర్థము. మన మనిషి ఆ వరుసలో ఎచట నిలుచునో ఆ యంకె చెప్పదు. జన్యుచిహ్నములు చేయునదెల్ల, వరుసలో ఏ కొసకు దగ్గరగ నుండవచ్చునో కొంతవఱకు సూచించుటయే.

ఇంకొక పరీక్షను గూర్చియు చెప్పవలెను. సి.ఏ.19-9 అను రక్తపరీక్షను అనేకులు క్యాన్సరు పరీక్షగ భావింతురు. నాళము రాయివలన మూసికొనినను ఆ యంకె పెరుగును. అంతేకాక, నూటికి అయిదు మొదలు పదిమందికి పుట్టుకతోనే లూయిస్ అను రక్తవర్గపు జన్యువు పనిచేయదు. వారి దేహము ఆ పదార్థమునే తయారు చేయలేదు. అట్టివారికి గడ్డ యెంత పెరిగినను పరీక్షలో ఏమియు కనిపింపదు. కావున అంకె హెచ్చెనని గుండెలు బాదుకొనుటయు, తగ్గెనని నిశ్చింతగ నుండుటయు రెండును తగవు.

నకలులో తప్పులు ఏల దొరలును? ఈశాన్య థాయిలాండున, ఖోన్ కేన్ ప్రాంతమున, ఈ వ్యాధి లోకమున నెచటను లేనంతగ కలదు. అచటివారు నదీచేపలను పచ్చిగ నూరి తిందురు. చేపలోని యొక చిన్న పురుగు పైత్యనాళములలో చేరి యేండ్లతరబడి పొరను గాయపఱచుచుండును. అది క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1994లో నిర్ణయించినది. మన చెఱువులలోను చేపలు విరివియే, కాని మనవారు పులుసు మరిగింపక తినరు. జపానులోని ఒసాకాలో ఒక ముద్రణాలయమున పనివాండ్రకు, అందును చిన్న వయస్సువారికి, ఈ క్యాన్సరు పలువురికి వచ్చినట్లు 2012లో వెల్లడియైనది. సిరాను తుడుచు ద్రవములోని డైక్లోరోప్రోపేను, గాలి యాడని గదియును అందులకు కారణములని తేలినది. రసాయనములతో పనిచేయు తండ్రులు ఈ సంగతి గమనింపవలెను. పైత్యనాళములలోని రాళ్లు, కాలేయపు వాపు కలిగించు హెపటైటిస్ బి, సి సూక్ష్మజీవులు కూడ కారణములే. వీనిలో బి జాతికి టీకా కలదు. పిల్లలకు వేయించిరో లేదో టీకా కార్డు చూచుకొనుడు.

విచిత్రమేమన, పురుగువలన వచ్చిన గడ్డలలో టి.పి.53 మార్పులు హెచ్చు, పురుగు లేని దేశములలోని గడ్డలలో ఐ.డి.హెచ్.1 వంటి మార్పులు హెచ్చు. పాదపుగుర్తులను చూచి దొంగ వచ్చిన దారి చెప్పినట్లు, జన్యువుల జాడలనుబట్టి వ్యాధి వచ్చిన దారి కొంత తెలియుచున్నది. కావుననే ఒక దేశపు అంకెలు వేఱొక దేశమునకు యథాతథముగ చెల్లవు.

మన తెలుగునాట ఇట్టి పని జరుగుచున్నదని చెప్పుటకు సంతసించుచున్నాము. పైత్యనాళమునకు పొరుగున నున్నది క్లోమము. ఉష్ణదేశములలో యువకులకు వచ్చు క్లోమపు వాపునకు కఱ్ఱపెండలము తినుట కారణమని చాలకాలము తలచిరి. 2002లో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుడు చందక్, ఆ నగరమందలి ఉదరకోశ వైద్యులతో కలిసి, స్పింక్1 అను జన్యువులోని మార్పు ఆ రోగులలో హెచ్చుగ నున్నదని చూపెను. అయినను ఆ మార్పు కలిగియు జీవితమంతయు ఆరోగ్యముగ నున్నవారు కలరు. గుర్తు వేఱు, తలవ్రాత వేఱు. మూసికొనిన నాళములోనికి నోటిద్వారా గొట్టము పంపి దారి తెఱచు విద్యలో హైదరాబాదు వైద్యుడు నాగేశ్వరరెడ్డిగారు లోకప్రసిద్ధులు. 2025లో వారికి పద్మవిభూషణ్ లభించినది. గడ్డ తీయుటకు వీలులేనప్పుడు సైతము అట్లు దారి తెఱచినచో కామెర్లు తగ్గి, దురద తగ్గి, మందు పుచ్చుకొను శక్తి వచ్చును.

ఇంతకును మా బాలిక యింటి కష్టము వ్యాధితో ముగియలేదు. “ఆ యింట క్యాన్సరు జన్యువున్నదట” యని ఎవరో యనగా, ఆమె యక్కకు కుదిరిన సంబంధము తప్పిపోయెను. అదే సంబంధమున ఇరువైపులవారు సికిల్ సెల్ పరీక్ష మాట యెత్తనేలేదు! విచారింపవలసినదానిని విడిచి, విచారింప నక్కఱలేనిదానిని పట్టుకొంటిరి. వరుడును వధువును సికిల్ సెల్ జన్యువు నొక్కొక్కటి మోయువారైనచో, వారు పైకి ఆరోగ్యవంతులే యైనను, ప్రతి కాన్పునకును బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక పాలు అవకాశ మున్నది. ఒక్కరు మాత్రమే మోయువారైనచో ఏ బిడ్డకును ఆ వ్యాధి రాదు. 2023 జూలై 1వ తేదీన ప్రారంభమైన జాతీయ కార్యక్రమము క్రింద నలువదియేండ్ల లోపువారు ఏడు కోట్లమందిని పరీక్షింప సంకల్పించిరి. మన పిల్లలకు జరిగినదియు ఆ జాతి పరీక్షయే.

ఇంటిలో ఎవరికైన ఈ వ్యాధి వచ్చినచో ఒక పని మఱువరాదు. గడ్డనుండి తీసిన ముక్కను మైనపు దిమ్మలో పొదిగి ఆసుపత్రివారు దాచుదురు. జన్యుపరీక్షకు ఆ దిమ్మయే ఆధారము. పైత్యనాళపు గడ్డలనుండి దొరకునది చాల చిన్న ముక్క, మరల తీయుట కష్టము. ఊరు మాఱి వేఱొక ఆసుపత్రికి బోవునప్పుడు రిపోర్టులతో పాటు దిమ్మను, గాజుపలకలను అడిగి రసీదుతో తీసికొనుడు. ఈ బాలిక తండ్రి విషయమున మొదటి చోట దిమ్మ దొరకక, మరల సూది పొడువవలసి వచ్చినది. పరీక్షింపగా మార్పులు గడ్డలో మాత్రమే కనబడినవి, రక్తమున లేవు.

ఈ సంగతులన్నియు ఆ బాలికకు నల్లబల్లయు నోటుపుస్తకముల పోలికతోనే చెప్పితిమి. ఆమె చాలసేపు ఊరకుండి, “అయితే సారూ, నా సికిల్ సెల్ కాగితం మాత్రం దాచిపెట్టుకోవాల్నా?” అని యడిగెను. దాచుకొనుమంటిమి.